ఏడో నంబరు గాలిమర బదిలీ

గాలిమరలకు ఉద్యోగి నంబర్లు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందని విచారణ సంఘం అడిగినప్పుడు, గదిలో ఉన్న పదహారు మందిలో పదిహేను మంది ఒకే మనిషి వైపు చూశారు. ఆ పదహారో మనిషి కంబగిరి. తనూ ఎవరివైపైనా చూద్దామని ప్రయత్నించాడు గానీ, గోడ మీది క్యాలెండర్ తప్ప ఇంకేమీ మిగల్లేదు. కాసేపు దాన్నే అనుమానంగా చూసి, చివరికి చెయ్యెత్తాడు.

అయితే ఆ ఆలోచన వచ్చినరోజు మాత్రం కంబగిరి అంత తెలివైనవాడు జిల్లాలో లేడు. ఈ మాట అందరికంటే ముందు అన్నది కంబగిరే.

అతను పవన సౌర శక్తి వికాస సంస్థ వారి ఈదురుకొండ శాఖలో సూపరింటెండెంటు. సెలవులు, బదిలీలు, ప్రమోషన్లు, సర్వీసు పుస్తకాలు అన్నీ అతని బల్ల మీదుగానే పోవాలి. కొండ మీద పన్నెండు గాలిమరలు, కొండ కింద రేకుల కప్పు ఆఫీసు. ఆషాఢం వచ్చిందంటే అక్కడ గాలికి లుంగీ కట్టుకున్నవాడు రెండు చేతులూ దానికే కేటాయించాలి. అంత గాలి ఉంది కాబట్టే గాలిమరలు అక్కడ పెట్టారు. ఇంత చిన్న సంగతిని సంస్థ ఎన్నేళ్ళు గుర్తుపెట్టుకోగలదన్నదే ఈ కథ.

ఒకరోజు గాలిమరలకు నూనె పోసే వన్నూరప్ప వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, ఏడోదానికి గేరు ఆయిలు అయిపోయింది. నిన్నటినుంచి కీచుమని ఒకటే ఏడుస్తాండాది. స్టోర్లో అడిగితే ఇయ్యరంట."

"ఎందుకియ్యరు?"

"ఎవరి పేరు మీద ఇయ్యాల అంటాండారు. కొత్త కంప్యూటర్లో మనిషి పేరు కొడితేనే ఆయిలు వస్తాదంట. నా పేరు కొడితే, ఒక మనిషికి ఇంత ఆయిలు ఏం పనికి అని అదే అడుగుతాదంట."

నిజమే. ఆ ఏడాదే సంస్థలో 'ఉద్యోగి సేవా పోర్టల్' వచ్చింది. కుర్చీ కావాలన్నా, పెన్ను కావాలన్నా, గేరు ఆయిలు కావాలన్నా ఉద్యోగి నంబరు ఉండాలి. గాలిమరకు నంబరు లేదు. హెడ్డాఫీసుకు మూడు ఉత్తరాలు రాస్తే, 'సదరు అంశము పరిశీలనలో ఉన్నది' అని మూడు జవాబులు వచ్చాయి. కొండ మీద కీచుమనే శబ్దం మాత్రం ఆఫీసు దాకా వినిపిస్తోంది.

అప్పుడు వచ్చింది కంబగిరికి ఆ మహత్తరమైన ఆలోచన. పన్నెండింటినీ ఉద్యోగులుగా నమోదు చేసేస్తే సరి!

దరఖాస్తులో అరవై నాలుగు గళ్ళున్నాయి. ఒక్కటి ఖాళీగా వదిలినా పోర్టల్ ముందుకు కదలదు. కంబగిరి తన సొంత దరఖాస్తునే నమూనాగా తీసుకుని, పన్నెండు కాపీలు చేసి, ఒక్కొక్కటే దిద్దుకుంటూ పోయాడు. పేరు: ఈదురుకొండ ఒకటి. తండ్రి పేరు: వాయుదేవుడు. చేరిన తేదీ: కొండ మీద నిలబెట్టిన రోజు. ఎత్తు: యాభై మీటర్లు. పుట్టుమచ్చలు: ఎడమ రెక్క మీద తుప్పు. ధూమపానం అలవాటు: లేదు. సాయంత్రానికల్లా పన్నెండు నంబర్లూ వచ్చాయి, మర్నాడు ఆయిలూ వచ్చింది. నెల తిరక్కుండా 'వినూత్న పరిష్కర్త' అని సంస్థ వారు శాలువా కప్పి ఫ్రేము కట్టిన కాగితం ఇచ్చారు. కంబగిరి దాన్ని గోడకు కొట్టి, వచ్చినవాళ్ళకు కనిపించేలా కుర్చీలు కూడా అటు తిప్పించాడు.

ఇక అతని సొంత గోడు ఒకటుంది. భార్య రంగనాయకి కర్నూల్లో స్టాఫ్ నర్సు. కూతురు చిత్ర, అతను ఈ కొండ ఎక్కిన ఏడాదే పుట్టింది, ఇప్పుడు మూడో తరగతి. నెలకు రెండు ఆదివారాలు బస్సులో నాలుగు గంటలు ఊగుతూ పోయి వస్తాడు. అతను గడప దాటగానే చిత్ర కుర్చీ జరిపి, పళ్ళెంలో గ్లాసు పెట్టి నీళ్ళు తెచ్చిస్తుంది, ఇన్సూరెన్సు ఏజెంటుకు ఇచ్చినంత మర్యాదగా. ఆ నీళ్ళు తాగడం కంబగిరికి చాలా కష్టంగా ఉండేది. ఈ ఎనిమిదేళ్ళలో ఎందరికో బదిలీ ఉత్తర్వులు టైపు చేశాడు, తనది టైపు చేసుకునే యోగం పట్టలేదు. ఈ మే నెలలో కర్నూలు ఆఫీసు సూపరింటెండెంటు రిటైరవుతున్నాడు. ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. ఆ ఖాళీ మీదే ఇల్లంతా ఆశ పెట్టుకుంది.

మేలోనే సాధారణ బదిలీల ఉత్తర్వు దిగింది. అయిదేళ్ళకు మించి ఒకేచోట పనిచేస్తున్న ప్రతి ఉద్యోగినీ కదిలించి తీరాలి, మినహాయింపులు లేవు. కంబగిరి చంకలు గుద్దుకున్నాడు. మర్నాడు పోర్టల్ పంపిన జాబితా తెరిచి చూస్తే, తన పేరు పదమూడోది. పైన పన్నెండు పేర్లున్నాయి. ఈదురుకొండ ఒకటి నుంచి ఈదురుకొండ పన్నెండు దాకా, పదమూడేళ్ళుగా ఒకే స్థానంలో పాతుకుపోయిన ఉద్యోగులు.

ముందు అతనికి నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే ఆ జాబితా పట్టుకుని జాయింట్ డైరెక్టర్ సదానందం గారి గదికి వెళ్ళాడు. సదానందం గారు నవ్వలేదు.

"జాబితాలో పేర్లు ఉన్నవా, లేవా?"

"ఉన్నాయి సార్. కానీ అవి గాలిమరలు గదా."

"కంబగిరి గారూ, పారదర్శకత అనేది వ్యక్తిని చూడదు. వ్యక్తి కాని దానిని అసలే చూడదు. ఒక ఉద్యోగికి మినహాయింపు ఇచ్చితిమా, రేపు నూరుగురు అడిగెదరు."

"అవి ఉద్యోగులు కావు సార్. ఆయిలు కోసం నేనే ఎక్కించినా."

సదానందం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. "ఉద్యోగులు కానివారికి ఉద్యోగుల పేరిట నూనె ఇచ్చితిరని లిఖితపూర్వకంగా వ్రాసి ఇవ్వగలరా?"

గోడ మీది ఫ్రేము కంబగిరి కళ్ళ ముందు ఊగింది. "ఉద్యోగులే సార్" అన్నాడు.

"శుభం. అయితే వారి రహస్య నివేదికలు సిద్ధం చేయండి."

రహస్య నివేదికలో రెండు గళ్ళుంటాయి, సుగుణాలు, లోపాలు. కంబగిరి మనసు దగ్గర పెట్టుకునే రాశాడు. సుగుణాలు: బొగ్గు అడగరు, నీళ్ళు అడగరు, పొగ వదలరు, పదమూడేళ్ళలో ఒక్క క్యాజువల్ లీవు పెట్టలేదు. లోపాలు: గాలి ఉన్నప్పుడే పనిచేస్తారు, గాలి ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పరు, చేసిన పనిని రేపటికి దాచి ఉంచలేరు, అప్పుడప్పుడు పక్షులతో దురుసుగా ప్రవర్తిస్తారు. రాసి చూసుకుంటే, తన నివేదికకంటే వాటిదే మెరుగ్గా ఉంది. తనదాంట్లో సుగుణాల గడిలో 'తృప్తికరం' అని ఒక్క ముక్కే ఉంది.

కౌన్సెలింగు రోజున హాలు నిండా జనం. గోడ మీద తెర, తెర మీద ఖాళీలు. సర్వీసుకు కొన్ని పాయింట్లు, కొండ ప్రాంతానికి కొన్ని, భార్యాభర్తలు వేర్వేరు చోట్ల ఉంటే ఇంకొన్ని. గాలిమరల తరఫున అధీకృత ప్రతినిధిగా వన్నూరప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఈదురుకొండ ఒకటి! ఐచ్ఛికం తెలుపవలెను" అన్నారు సదానందం గారు మైకులో.

"అది యాడికీ పోదు సార్. గాలి ఈడనే ఉండాది గదా" అన్నాడు వన్నూరప్ప.

"'యాడికీ పోదు' అను గడి లేదు. ఐచ్ఛికం తెలుపనియెడల ఖాళీ ఉన్నచోటికి పంపబడును."

పంపబడింది. ఒకటోది ఒక లోయలోకి పోయింది, అక్కడి నాయకుడు తన నియోజకవర్గంలో కూడా ఒక గాలిమర కనిపించాలని ఏడాదిగా పట్టుబడుతున్నాడట. రెండు, మూడు అడవిలోకి. నాలుగు, అయిదు, ఆరు మైదానంలోని సోలారు క్షేత్రానికి. అక్కడి సోలారు పలకలకూ ఎవరో కంబగిరిలాంటి తెలివైనవాడు నంబర్లు ఇచ్చి ఉన్నాడు కాబట్టి, అవి ఖాళీ అయిన ఈ కొండ మీదికి బదిలీ అయ్యాయి. హాలంతా చప్పట్లు కొట్టింది. అంత సాఫీగా కౌన్సెలింగు జరగడం ఎవరూ ఎరగరు.

"ఈదురుకొండ ఏడు" అని పిలిచి సదానందం గారు తెర వైపు తిరిగారు. తెర మీద అక్షరాలు పడ్డాయి. హోదా: సూపరింటెండెంటు. వివాహితుడు. భార్య: రంగనాయకి, స్టాఫ్ నర్సు, కర్నూలు.

కంబగిరికి టీ గుర్తొచ్చింది. ఆరోజు ఏడో కాపీ దిద్దుతుండగా టీ వచ్చింది. పేరు, తండ్రి, చేరిన తేదీ, ఎత్తు, పుట్టుమచ్చలు మార్చాడు. ధూమపానం దగ్గర ఆగి టీ తాగాడు. తాగి వచ్చి ఎనిమిదోది తెరిచాడు.

వన్నూరప్ప నోరు తెరిచి తెర వైపు చూశాడు. "ఏమప్పా ఏడూ! పదమూడేండ్లు నూనె పోసినోన్ని, పెండ్లయిందని ఒక్క మాటన్నా చెప్పలేదే!"

"భార్యాభర్తల వర్గము కింద, కర్నూలు సూపరింటెండెంటు పోస్టునకు ఏడు అర్హుడు" అన్నారు సదానందం గారు.

కంబగిరి లేచి నిలబడ్డాడు. "సార్, ఆమె నా భార్య."

సదానందం గారు కంబగిరి దరఖాస్తు కూడా తెర మీద వేయించి, రెండూ పోల్చి చూశారు. "నిజమే. రికార్డు ప్రకారం ఆమె మీ ఇరువురకూ భార్య. సంస్థ ఎవరి కుటుంబ విషయములలోను తలదూర్చదు. పోస్టు ఒకటే. ఆయన మీకంటే అయిదేళ్ళు సీనియరు."

"అది తప్పు సార్! నేను దిద్దడం మర్చిపోయినా!"

"దిద్దవచ్చును. సర్వీసు రికార్డులో వైవాహిక స్థితి సవరణకు సదరు ఉద్యోగి స్వయంగా సంతకం చేసి దరఖాస్తు చేసుకొనవలెను. ఏడు చేత చేయించండి. తొంభై రోజులలో పరిశీలించెదము."

వేరే సూపరింటెండెంటు ఖాళీ లేదు కాబట్టి, కంబగిరి పేరు ఎదుట 'ఈదురుకొండ నుండి ఈదురుకొండకు' అని పడింది. అతను బయటికొచ్చి రంగనాయకికి ఫోను చేశాడు.

"వచ్చిందా కర్నూలు?" అంది ఆమె, హలో కూడా అనకుండా.

"వచ్చింది. నాకు కాదు."

"మళ్ళా ఎవరికి?"

"ఏడో నంబరు గాలిమరకు."

"గాలిమరకా? ఏ కోటాలో?"

"స్పౌస్ కోటాలో."

"దానికి పెండ్లాం గూడా ఉండాదా? ఎవరంట ఆ మహాతల్లి?"

కంబగిరి నుదురు తుడుచుకున్నాడు. "నువ్వే" అన్నాడు.

ఆ తర్వాత రంగనాయకి మాట్లాడినదంతా ఇక్కడ రాయడానికి లేదు. రాయదగినంత వరకు ఇది. "ఎనిమిదేండ్లు దండాలు పెట్టి పెట్టి, కడాకు ఇంటికి ఒక ఇనప స్తంభాన్ని పంపిస్తాండావా? యాభై మీటర్ల మొగుణ్ణి యాడ పండబెట్టుకునేది నేను? పాపకేం చెప్పాల?" కంబగిరికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. తనంటే తనకే ఒళ్ళు మండింది. ఆఫీసులోకి పోయి ముందుగా ఆ శాలువా ఫ్రేము దించి, గోడ వైపు తిప్పి పెట్టాడు.

జూన్ నెలాఖరుకు ఏడును విప్పి, మూడు పెద్ద ట్రెయిలర్ల మీద కర్నూలు తీసుకుపోయారు. ఆఫీసు గేటు కమాను అడ్డమొస్తే కమాను కొట్టేశారు. మూడంతస్తుల భవనాలు రెండింటి నడుమ, సైకిల్ స్టాండు పక్కన నిలబెట్టారు. సోమవారం పూర్వాహ్నం విధులలో చేరినట్టు రాసుకున్నారు. హాజరు యంత్రానికి వేలు ఆనించాలి కాబట్టి, క్రేనుతో ఆ యంత్రాన్నే పైకెత్తి రెక్కకు ఆనించారు. మూడుసార్లు 'గుర్తింపు విఫలమైనది' అన్నా, నాలుగోసారికి అది కూడా విసిగిపోయి 'ధన్యవాదాలు' అంది.

ఆషాఢం వచ్చింది. ఈదురుకొండ మీద గాలి వెనకటిలాగే హోరెత్తింది. అక్కడ ఇప్పుడున్నవి సోలారు పలకలు. పైన మబ్బు పట్టి నెల రోజులు సూర్యుడు కనిపించలేదు. గాలికి లేచిన ఎర్రమట్టి పలకల మీద వేలెడు మందాన పేరుకుంది. మైదానంలో ఎండ మాడ్చేస్తోంది. అక్కడ మూడు గాలిమరలు కదలక మెదలక నిలబడి మేకలకు నీడ ఇస్తున్నాయి. లోయలోనిది ఒక్కసారి తిరిగింది, అది కూడా నాయకుడు ప్రారంభోత్సవం చేసేటప్పుడు పదిమంది తాడు కట్టి లాగితే.

ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉన్నవి కూడా గాలి లేనిచోట్లకే పోయి ఊరికే నిలబడ్డాయి. నెలాఖరు సమీక్షలో ఉత్పత్తి సున్నా అని తేలింది. సదానందం గారు చెక్కుచెదరలేదు. "బదిలీల అమలు నూరు శాతం. ఇది చరిత్ర" అన్నారు. హెడ్డాఫీసు మాత్రం సూపరింటెండెంటు స్థాయి వాడే పని చేయకపోతే ఎలాగని ఏడుకు మెమో ఇవ్వమంది.

ఏడు సర్వీసు పుస్తకం ఇంకా ఈదురుకొండలోనే ఉంది కాబట్టి మెమో రాయాల్సింది కంబగిరే. రాశాడు. రాయడం రాని ఉద్యోగులకు సంజాయిషీ రాసిపెట్టే బాధ్యత కూడా అతని సెక్షనుదే. అదీ రాశాడు. రెండో కాగితం రాసేటప్పుడు మాత్రం తనకు తెలియకుండానే చెయ్యి ఊపందుకుంది.

'అయ్యా, నేను మీనుంచి ఏమీ కోరలేదు. నాకు కావలసింది గాలి ఒక్కటే. అది కొండ మీద ఉంది. మీరు నన్ను ఆ కొండ మీదినుంచి తెచ్చి రెండు గోడల మధ్య నిలబెట్టారు. నిలబెట్టినచోటే నిలబడి ఉన్నాను, నా తరఫున లోపమేమీ లేదు. నా చేతిలో లేని దానికి నన్ను శిక్షించవద్దని ప్రార్థన.'

సదానందం గారు అది చదివి కదిలిపోయారు. ఒక ఉద్యోగి తన కష్టాన్ని ఇంత చక్కని భాషలో చెప్పుకోవడం ఆయన సర్వీసులో ఎరగరట. వెంటనే ఉత్తర్వు వేశారు: 'గాలి లేకపోవుట సదరు పోస్టులోని ఉద్యోగి దోషముగా పరిగణింపరాదు. గాలి లేని దినములన్నియు, ఉద్యోగి ఎచ్చట ఉన్నప్పటికిని, విధి నిర్వహణగానే లెక్కింపవలెను.'

ఆ తర్వాత కూర్చుంది విచారణ సంఘం. కంబగిరి క్యాలెండర్ వైపు చూసి చెయ్యెత్తింది ఆరోజే. సంఘం వారు గంటసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. గాలిమరలను తిరిగి కొండెక్కించడం కుదరదు, బదిలీ అయిన ఉద్యోగి మూడేళ్ళ లోపు పాతచోటికి రాకూడదన్నది నియమం. అయితే కొండ మీద ఏడో పోస్టు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంటే పోస్టు రద్దవుతుంది. కాబట్టి నష్టపోయిన ఉత్పత్తిని బాధ్యుడి ద్వారానే రాబట్టే నిమిత్తం, కంబగిరిని ఈదురుకొండ ఏడవ స్తంభ స్థానంలో, ఏడుకు వర్తించే సమస్త నిబంధనలతో నియమించడమైనది.

కంబగిరి చేరిన రోజున వన్నూరప్ప కొండ మీద ఎదురుచూస్తున్నాడు. ఏడు పోయాక మిగిలింది సిమెంటు దిమ్మె, దాని చుట్టూ బోల్టులు. నూనె డబ్బా పక్కనే ఉంది.

"ఏం చేయాల వన్నూరప్పా నేనిప్పుడు?"

"తిరగాల సార్" అన్నాడు వన్నూరప్ప, చాలా బాధగా. "కాకుంటే మీరు మనిషి గదా, నిలబడండి చాలు. నేను రాసుకుంటా."

కంబగిరి దిమ్మె ఎక్కి నిలబడ్డాడు. గాలికి చొక్కా టపటపా కొట్టుకుంది, గొడుగు తిరగబడి పోయింది. గంటకోసారి వన్నూరప్ప పుస్తకంలో రాశాడు: గాలి, బాగా ఉంది. ఉత్పత్తి, లేదు. కింద గొర్రెలు తోలుకుపోయే ముసలాయన తలెత్తి చూసి, "ఏం సార్, తిరగడం ల్యా?" అని పలకరించాడు. "లేదు పెద్దాయనా" అన్నాడు కంబగిరి. సుగుణాల గడిలో తన గురించి 'తృప్తికరం' అని రాసినవాడు నిజంగా దయగల మనిషని అతనికి అప్పుడు అర్థమైంది. భాద్రపదం పోయేదాకా అలాగే రోజూ ఎక్కి నిలబడ్డాడు.

అక్టోబరు రెండో వారంలో ఒక పొద్దున దిమ్మె ఎక్కితే చొక్కా కదల్లేదు. గడ్డి కదల్లేదు. వన్నూరప్ప వేలు తడిచేసి పైకెత్తి చూశాడు.

"గాలి పడిపోయింది సార్. ఇంగ ఎండాకాలం ముదిరేదాకా రాదు. ఏటా ఇంతే."

"పుస్తకంలో రాయి."

వన్నూరప్ప రాశాడు: గాలి, లేదు. కంబగిరి దిమ్మె దిగి, ఆఫీసుకు పోయి, సదానందం గారి ఉత్తర్వు నకలు ఒకటి తీసుకుని నాలుగుసార్లు చదివాడు. 'ఉద్యోగి ఎచ్చట ఉన్నప్పటికిని' దగ్గర అయిదోసారి కూడా ఆగాడు. ఏడుకు వర్తించేదంతా ఇప్పుడు తనకూ వర్తిస్తుంది. ఎనిమిదేళ్ళు మనిషిగా పనిచేసి సాధించలేనిది, రెండు నెలలు గాలిమరగా పనిచేసి సాధించాడు.

"పోండి సార్, పోండి" అన్నాడు వన్నూరప్ప, కళ్ళు తుడుచుకుంటూ. "గాలొస్తే నేనే ఫోను చేస్తా."

మధ్యాహ్నానికి కర్నూల్లో దిగాడు. ఇంట్లో కరెంటు లేదు. ఉత్పత్తి పడిపోయి నెల రోజులుగా పగటిపూట కోత పెడుతున్నారని పేపర్లో వేశారట. ఫ్యాను ఆగిపోయి ఉంది, రంగనాయకి అట్టముక్కతో విసురుకుంటోంది. అతని చేతిలో ట్రంకుపెట్టె చూసి ఆమె చెయ్యి ఆగింది. ఆదివారాలు వచ్చినప్పుడు అతని చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ ఉండేది కాదు. ఉత్తర్వు తీసి చూపించాడు. ఆమె రెండుసార్లు చదివి, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక, అట్టముక్కతో అతని భుజం మీద ఒకటి కొట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

చిత్ర తలుపు దగ్గర నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎన్ని రోజులుంటావు నాన్నా?" అని అడిగింది.

"గాలి వచ్చేదాకా" అన్నాడు కంబగిరి.

చిత్ర వీధి వైపు కిటికీ మూసి గడియ పెట్టింది. వంటింటి కిటికీ మూసింది. పెరటి కిటికీ అందకపోతే స్టూలు లాక్కొని ఎక్కి మరీ మూసింది. ఇల్లంతా ఉడికిపోతోంది, ముగ్గురికీ చెమటలు ధారగా కారుతున్నాయి. కిటికీ తెరుద్దామని మాత్రం ఎవరూ అనలేదు.